గొలుసు ప్రార్థనలో నేనన్న మాట

నాకు ఏడుపు తేలిగ్గా వస్తుంది. గొప్పకి చెప్పడం లేదు, సిగ్గుపడే చెబుతున్నాను. మా పల్నాటి పల్లెల్లో చర్చిని గుడి అనే అంటాం. ఆ గుడిలో ప్రార్థన మొదలుపెట్టిన రెండో మాటకే నా గొంతు వణికేది, మూడో మాటకి కన్నీళ్ళు కారేవి. ఎవరింట్లో కష్టం వచ్చినా "టీచరమ్మ చేత ప్రార్థన చేయించండి, కన్నీటి ప్రార్థన చేసిద్ది" అనేవాళ్ళు. మా ఆయన మాత్రం "దేవుడు నీ కళ్ళకి మోటారు బిగించాడే, స్విచ్చేస్తే చాలు" అనేవాడు. నేను మూతి తిప్పుకుని వెళ్ళిపోయేదాన్ని. అన్నేళ్ళ ఏడుపులో ఒక్క చుక్క కూడా నా పాపం గురించి కాదని తెలుసుకునేసరికి నాకు యాభై దాటాయి.

మా ఊరు రెంటచింతలకి దగ్గర. మా ఎండల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. నేను పక్క ఊళ్ళో చిన్నపిల్లల బడిలో టీచర్ని. మా ఇంటికి ఎదురింట్లో ఒక అక్క ఉంటుంది. రక్తసంబంధం ఏమీ లేదు. నాకంటే పదేళ్ళు పెద్దది కాబట్టి అక్క, అంతే. పుట్టింటివాళ్ళు రెంటచింతల కతోలిక్కులు. మా ఊరికి కోడలై వచ్చాక మా సంఘంలో కలిసింది. మొగుడు తొందరగా పోయాడు. మిరప కోతలు, పత్తి తీతలు, కలుపులు, ఏ పని దొరికితే ఆ పని చేసి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచి పెళ్ళిళ్ళు చేసింది. ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం పూట మా స్త్రీల సమాజం కూడుకున్నప్పుడు ఈ అక్కే బైబిల్లోని వాక్యం చదివేది.

చదివేది అన్నాను చూడండి, అసలు సంగతంతా అక్కడే ఉంది. ఆమెకి అక్షరం ముక్క రాదు.

ఆ సంగతి ఊరు మొత్తం మీద నాకొక్కదానికే తెలుసు. పన్నెండేళ్ళ కిందట అప్పటి పాస్టరుగారి భార్య, మేమంతా అమ్మగారు అంటాం, పాటలు ఇంత బాగా పాడే మనిషి చదువుకునే ఉంటుందనుకుని "వచ్చే వారం వాక్యం నువ్వు చదువమ్మా" అన్నదట. అందరి ముందూ రాదని చెప్పడానికి ఈమెకి నోరు పెగల్లేదు. శనివారం సాయంత్రం మా వంటింట్లోకి వచ్చి కూలబడింది.

"ఏమే, రేపు నన్ను చదవమన్నారు. నేనేం జేతునే?"

నేను పప్పు ఎనుపుతూ ఆ భాగం ఒక్కో ముక్కా చదివాను. ఆమె ఒక్కో ముక్కా అంది. గంట తిరిగేసరికి మొత్తం నోటికి వచ్చేసింది. ఏ మాట దగ్గర పేజీ తిప్పాలో కూడా నేనే చెప్పాను. మర్నాడు పుస్తకం ముందు పెట్టుకుని, వేలు వరసల మీద జరుపుతూ, చదివినట్టే చెప్పింది. ఆ రోజు నుంచి ప్రతి శనివారం సాయంత్రం మా వంటింట్లో ఇదే తంతు. "ఇప్పుడు ఫోన్లో వాక్యం చదివి వినిపిస్తున్నారు కదక్కా" అంటే, "ఫోన్లో వాడు పరిగెత్తుతాడే. ఆగరా నాయనా అంటే ఆగుతాడా?" అనేది. ఒకే వాక్యం నా చేత ఏడెనిమిదిసార్లు చెప్పించుకునేది. నేను విసుక్కునేదాన్ని. కానీ ఆ విసుగులో నాకొక సుఖం ఉండేది, అది ఇప్పుడు ఒప్పుకోవాలి. నేను లేకపోతే ఆమె లేదు అనే సుఖం.

నరసరావుపేటలో ఏటా స్త్రీల సభలు జరుగుతాయి. చుట్టుపక్కల సంఘాల ఆడవాళ్ళంతా తెల్లచీరలు కట్టుకుని వస్తారు. ఆ ఏడు మా సంఘం తరఫున ఒకరు వాక్యం చదవాలని పిలుపొచ్చింది. ఇప్పటి అమ్మగారు లేచి, నవ్వుతూ, మా అక్క పేరు చెప్పింది. ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. పాతికేళ్ళుగా పిల్లలకి ఒత్తులు, దీర్ఘాలు నేర్పుతున్నదాన్ని, అక్కడే, ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. అక్షరం రాని మనిషిని పంపుతారట, అక్షరాలు నేర్పేదాన్ని చప్పట్లు కొట్టమంటారట! ఇంటికొచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు. మా ఆయన ఏమైందంటే ఎండ అన్నాను. ఎండ కాదు, కడుపుమంట.

మరుసటి ఆదివారం గొలుసు ప్రార్థన పెట్టారు. గొలుసు ప్రార్థనంటే, అందరం తలమీద కొంగు వేసుకుని, కళ్ళు మూసుకుని, ఒకరు ఆపగానే పక్కవాళ్ళు అందుకుని ప్రార్థించాలి. గొలుసు తెగకూడదు. నా వంతు వచ్చింది. వర్షాల కోసం చేశాను, జ్వరాలతో ఉన్నవాళ్ళ కోసం చేశాను, గొంతు వణికింది, కన్నీళ్ళు వచ్చాయి. అప్పుడన్నాను.

"ప్రభువా, మా అక్కను నీ చేతుల్లో పెడుతున్నాను. అక్షరం ముక్క రాక, పుస్తకం పట్టుకుని చదివినట్టు కనపడుతూ, లోపల ఎంత నలిగిపోతుందో నీకే తెలుసు తండ్రీ. నరసరావుపేటలో అంతమంది ముందు ఆమెకి అవమానం జరగకుండా కాపాడు."

కొంతమంది అలవాటు కొద్దీ "ఆమేన్" అన్నారు. నా పక్కన ఆమే, తర్వాతి వంతు ఆమెదే. గొలుసు అక్కడ ఆగిపోయింది. నేను ఒక కన్ను తెరిచి చూశాను. ఆమె ఒళ్ళో ఉన్న పుస్తకం మూసి, కుర్చీలో పెట్టి, కొంగు సరిచేసుకుని, ఎవరి వైపూ చూడకుండా ఎండలోకి వెళ్ళిపోయింది.

నేను తప్పు చేశానని ఒప్పుకున్నానా? అబ్బే! ఇంటికొచ్చి మా ఆయనతో "నేను ప్రార్థించానంతే, అందులో తప్పేముంది?" అన్నాను. అన్నం కలుపుకుంటున్నవాడు తలెత్తి చూశాడు.

"నీ ప్రార్థన దేవుడికంటే ముందు ఊరికి వినపడిద్దే. అది ప్రార్థన కాదు, మైకు."

నేను మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే కనపడినవాళ్ళందరికీ "ఆమె మంచి కోసమే చేశానమ్మా" అని చెప్పుకుంటూ తిరిగాను. ఆమె మా గుడికి రావడం మానేసింది. ఆదివారం పొద్దున్నే ఆటో ఎక్కి రెంటచింతల పోయి, పుట్టింటివాళ్ళ గుడిలో పూజకి వెనక నిలబడి వస్తుందని తెలిసింది. అక్కడైతే ఎవరూ చదవమని అడగరు కదా.

రెండు వారాలయ్యాక ఒక సాయంత్రం వీధి దాటి వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"అక్కా, ఆ రోజు ప్రార్థనలో ఏదో నోరు జారాను. నీకు బాధ కలిగి ఉంటే క్షమించు."

ఆమె చేట ఆపలేదు. "నోరు జారితే ఒక మాట జారిద్ది. నువ్వు మొదలుపెట్టి, వరసగా చెప్పి, ముగించావు. బాధ కలిగి ఉంటే అంటన్నావా? కలిగిందో లేదో నీకు తెలవదా?" అని, చేటలోంచి రాయి ఏరి పారేసి, "పోయిరా తల్లీ, పొయ్యి మీద ఎసరు పెట్టా" అంది. నేను వెనక్కి వచ్చేశాను. వచ్చేటప్పుడు కూడా నా మనసులో, ఇంతగా దిగి వస్తే ఇదా మర్యాద, అనే ఉంది. నా పొగరు అంతటిది.

నరసరావుపేట సభల్లో చదివింది చివరికి నేనే. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఒక్క తప్పు లేకుండా చదివాను. బైబిల్లో ఒక రాజు పాపం చేసి, ప్రవక్త వచ్చి వేలెత్తి చూపాక గుండె పగిలి రాసుకున్న కీర్తన అది. దిగి వచ్చాక మా ఊరి ముసలమ్మ ఒకామె నా చెయ్యి పట్టుకుని, పాపం ప్రేమగానే, "బాగా చదివావమ్మా. కానీ ఆ పిల్ల చదివితే మాకు చెప్పినట్టుండేది" అంది. అరవై దాటినామె ఆ ముసలమ్మకి పిల్ల. నేను చదివితే చదివినట్టుంది. బస్సులో మా ఊరు వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ తర్వాతి ఆదివారం పాస్టరుగారు ప్రభువు కొండ మీద చెప్పిన మాటల్లోంచి, దుఃఖించేవాళ్ళు ధన్యులు, వాళ్ళకి ఓదార్పు దొరుకుతుంది అన్న మాట తీసుకుని ప్రసంగించారు. "ఏడ్చేవాళ్ళందరి గురించీ కాదిది" అన్నారాయన. "దొరికిపోయినందుకు ఏడ్చేవాళ్ళున్నారు. పదిమంది చూస్తున్నారని ఏడ్చేవాళ్ళున్నారు. నేను ఇలాంటి పని చేశానే అని ఏడ్చేవాళ్ళు తక్కువ. దేవుడు ఒళ్ళోకి తీసుకునేది వాళ్ళని." చుట్టూ ఆడవాళ్ళు ముక్కులు చీదుతున్నారు. నేను కొంగు తీసి సిద్ధంగా పెట్టుకున్నాను. ఒక్క చుక్క రాలేదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాను, గొంతు వణికించి చూశాను. ఊహూ! జీవితంలో మొదటిసారి నాకు భయం వేసింది. దేవుడు మోటారు కనెక్షను పీకేశాడనిపించింది.

శనివారం వచ్చింది. సాయంత్రం పొయ్యి మీద అన్నం పెట్టి, అలవాటుగా గుమ్మం వైపు చూశాను. పన్నెండేళ్ళు ఆ వేళకి ఆమె చెప్పుల చప్పుడు వినపడేది. ఎవరూ రారని తెలిసీ పుస్తకం తీశాను. ఎందుకు తీశానో ఇప్పటికీ చెప్పలేను. ఆ రాజు కీర్తనే, ఆమెకి చెప్పినట్టే పైకి, ఒక్కో ముక్కా చదవడం మొదలుపెట్టాను. నా పాపం ఎప్పుడూ నా ఎదుటే నిలబడి ఉంది అని ఆయన మొరపెట్టుకునే చోటు వచ్చింది. ఆమె ఉంటే "ఇంకోసారి" అనేది. ఇంకోసారి చదివాను. ఇంకోసారి. నరసరావుపేటలో మైకు ముందు ఒక్క ఊపులో దాటేసిన మాట అది. ఆరోసారో ఏడోసారో చదువుతుంటే, ఎదుట నిలబడిందేమిటో నాకు కనపడింది. పుస్తకం మూసి కుర్చీలో పెట్టి, ఎవరి వైపూ చూడకుండా ఎండలోకి వెళ్ళిపోతున్న మనిషి.

ఏడ్చాను. గుడిలో ఏడ్చే ఏడుపు కాదు. మాటల్లేవు, ప్రార్థన లేదు, ముక్కు కారింది, నోరు వంకర పోయింది. అన్నం అడుగంటి మాడు వాసన వస్తున్నా లేవలేదు. మా ఆయన హడావిడిగా లోపలికి వచ్చాడు.

"ఏందే? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. అక్క మీద కుళ్ళుతో చేశానయ్యా. ప్రార్థన పేరు పెట్టి కావాలనే చేశాను."

నన్ను ఆటపట్టించకుండా ఊరుకోని మనిషి, ఆ పూట పొయ్యి కట్టేసి, నా పక్కన నేల మీద కూర్చున్నాడు.

మర్నాడు స్త్రీల సమాజంలో నా వంతు వచ్చినప్పుడు నేను కళ్ళు మూసుకోలేదు. లేచి నిలబడి, అందరి మొహాలూ చూస్తూ చెప్పాను. వంటింట్లో నమ్మి చెప్పిన మాటని గుడిలోకి తెచ్చానని, జాలితో కాదు, నన్ను పంపలేదన్న కుళ్ళుతో తెచ్చానని. ఎవరూ ఏడవలేదు. ఒకామె కొంగు చివర నలుపుకుంటూ కూర్చుంది. అమ్మగారు మాత్రం, "మాకు చెప్పావు, మంచిది. ఇక ఆమె దగ్గరికి పోమ్మా" అంది.

వేసవి సెలవులు ఇచ్చారు కాబట్టి సోమవారమే వెళ్ళాను. ఊరి చివర ఒక రైతు కల్లంలో ఆమె ముచ్చికలు తీసే పనిలో ఉంది. ఎండిన మిరపకాయలకి తొడిమలు తుంచి, తాలు కాయలు వేరే పోయాలి. టార్పాలిన్ పట్టా నీడలో నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఘాటుకి దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. నేను వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చుని, కుప్పలోంచి గుప్పెడు కాయలు లాక్కుని, తుంచడం మొదలుపెట్టాను. ఆమె ఒకసారి తలెత్తి చూసింది. కాసేపటికి నేనే అన్నాను.

"అక్కా, నోరు జారలేదు. నిన్ను నరసరావుపేట పంపుతున్నారని ఓర్వలేకపోయాను. నిన్ను దించాలనే అన్నాను. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని అన్నాను."

ఆమె చేతులు ఆగలేదు. "అమ్మగారు రాత్రి ఫోన్ చేసి చెప్పింది, అందరి ముందు ఒప్పుకున్నావంట గదా. కుళ్ళని నాకు ఆ రోజే తెలుసులే. ఆడదాన్ని, నాకు తెలవదా? నాకు రాదని అందరికీ తెలిసిందని కూడా కాదే నా బాధ. ఎప్పటికైనా తెలిసేదే."

"మరి?"

అప్పుడు చేతిలో కాయ కింద పెట్టి నా కళ్ళలోకి చూసింది.

"పన్నెండేళ్ళు నీ వంటింట్లో కూచున్నా. ఊరూరి పిల్లలకి నేర్పే దానివి. ఒక్క శనివారం, ఒక్కటంటే ఒక్క శనివారం, అక్కా పలక పట్టుకో అన్నావా? నాకు అడగటానికి సిగ్గేసింది. నీకు చెప్పటానికి ఏమొచ్చిందే?"

నా దగ్గర జవాబు ఉంది, దాన్ని పైకి చెప్పలేను. ఆమెకి అక్షరాలు వస్తే శనివారాలు నా గుమ్మం తొక్కదు కదా! నేను ఒప్పుకున్న పాపం ఒక్క పూటది. దాని వెనక పన్నెండేళ్ళది ఉంది, నాకే తెలియకుండా, మంచితనం అనుకుంటూ దాచుకున్నది. అది చూసేసరికి ఏడుపు తన్నుకొచ్చింది, రెండు చేతులతో మొహం కప్పుకున్నాను.

మిరపకాయల చేతులు!

అయ్యో దేవుడా, ఆ మంట చెప్పలేను. కళ్ళలో నిప్పులు పోసినట్టయింది. కేక పెట్టి లేవబోయి కాయల కుప్పలో పడ్డాను. అవతల ఆడవాళ్ళు లేచారు. అందరికంటే ముందు అక్క వచ్చింది.

"పిచ్చిదానా! టీచరువంట, ముచ్చికలు తీసిన చేత్తో కళ్ళు తుడుచుకోగూడదని తెలవదటే! రుద్దొద్దు, రుద్దొద్దంటన్నా గదా, చేతులు తియ్యి!"

నా తల ఒళ్ళోకి లాక్కుంది. బిందెలోంచి చెంబుతో నీళ్ళు ముంచి, మోచేత్తో నా గడ్డం ఎత్తి పట్టి, చంటిపిల్లకి తలంటినట్టు కళ్ళ మీద పోసింది. తర్వాత తన అన్నం గిన్నెలోని మజ్జిగలో కొంగు తడిపి రెప్పల మీద వేసింది. నేను వెక్కుతూనే ఉన్నాను. "ఏడువు, ఏడువు. నీళ్ళు కారితేనే మంట పోయిద్ది" అంటూ వీపు నిమిరింది. దేవుడి ఓదార్పు అంటే ఏదో మెత్తటి వెలుగు లాంటిదని నేను బడిపిల్లలకి చెప్పినట్టు సమాజంలో చెబుతుండేదాన్ని. ఆ రోజు అది పుల్లమజ్జిగ వాసన వేసింది. నేను ఎవరికి అన్యాయం చేశానో వాళ్ళ ఒళ్ళోనే దేవుడు నా తల పెట్టాడు. క్షమించాను అని ఆమె అనలేదు, క్షమించమని నేను మళ్ళీ అడగలేదు. ఎండ వాలేదాకా అక్కడే పడుకున్నాను.

లేచాక అడిగాను, "ఇప్పుడు నేర్పనా అక్కా?" అని.

"ఈ వయసులో పండితురాలిని అవుతానా ఏంది? సంతకం నేర్పు చాలు. బ్యాంకులో వేలిముద్ర అంటే నామర్దాగా ఉంది."

ఆ వారం నుంచే మొదలుపెట్టాం. ఆమె పలక మీద రాస్తే నాకు చేతులు పిసుక్కోవాలనిపించేది, నా బడిలో ఏ పిల్లా అంత వేగంగా నేర్చుకోలేదు, పన్నెండేళ్ళు పోగొట్టానే అని. పలక పక్కన పెట్టాక ఆ రాజు కీర్తన కూడా నోటికి చెప్పించుకునేది.

నాలుగో ఆదివారం ఆమె మా గుడికి వచ్చింది. ఆరాధన అయ్యాక స్త్రీల సమాజంలో, వెనక వరసలో నా పక్కనే కూర్చుంది. అమ్మగారు కాస్త జంకుతూనే ఆమె దగ్గరికి వచ్చి పుస్తకం చాచింది. అక్క లేచింది. పుస్తకం తీసుకుని నా ఒళ్ళో పెట్టి, ఖాళీ చేతులతో ముందుకెళ్ళి నిలబడింది.

"నాకు చదవటం రాదు. మీకందరికీ తెలిసిందే గదా. టీచరమ్మ చెప్పి పెట్టింది, నోటికెక్కినంత చెప్తా, ఇనండి."

రాజు కీర్తనే ఎత్తుకుంది. మమ్మల్ని తీసుకెళ్ళి పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చెప్పినట్టు, మెల్లగా, మాకు చెప్పినట్టే చెప్పింది. మొదట గుసగుసలాడినవాళ్ళు కూడా ఊరుకున్నారు. విరిగిన మనసుని దేవుడు తోసిపారేయడు అనే చోటికి వచ్చేసరికి ఆమె ఆగింది. తర్వాతి మాట గుర్తు రాలేదు. అదివరకైతే పుస్తకంలోకి చూసినట్టు నటించి, దగ్గి, ఎలాగో దాటేసేది. ఇప్పుడు నటించడానికి చేతిలో ఏమీ లేదు. తిన్నగా నా వైపు చూసింది.

"ఏమే, అందించు. తర్వాతేంది?"

అందరూ నా వైపు తిరిగారు. తర్వాతి మాట నాకు తెలుసు. ఒళ్ళో పుస్తకం కూడా తెరిచే ఉంది. కానీ ఏడుపు ముంచుకొచ్చింది, మొహమంతా తడిసిపోయింది, అక్షరాలు కనపడలేదు. పాతికేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, ఊరందరి ముందు ఒక్క మాట చదవలేక ఉండిపోయాను.

అక్క కంగారు పడలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ముందు ముక్కు తుడుచుకోవే. తొందరేం లేదు, ఆగుతాంలే" అంది.

అందరూ ఆగారు.